సంధి కుదరని యంత్రాలు



ఇంట్లో ఉన్న కంప్యూటరుకు కొత్త భాగాలు వేయించాలా, లేక దానిని పక్కన పెట్టి వేరొకటి తెచ్చుకోవాలా అన్న ప్రశ్న మనలో ప్రతివారికీ ఐదారేళ్లకొకసారి ఎదురవుతూనే ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసిన నాటి నుంచి ఆ ప్రశ్న మళ్లీ అనేక గృహాలలో లేచింది, మా ఇంట్లోనూ లేచింది. దుకాణంలో అడిగితే కొత్తది కొనమంటారు. పిల్లలను అడిగితే "నాన్నగారూ, ఇంకా అదే వాడుతున్నారా?" అంటారు. ఈ రెండు సమాధానాలూ నాకు చాలలేదు. ఒక భాగం మరొక భాగంతో ఎందుకు కలవదో, ఈ కలవకపోవడం ఎప్పుడు మొదలయిందో తెలుసుకొంటే తప్ప నిర్ణయం చేయలేమని తోచి, గుర్తున్నదీ చదివినదీ కలిపి ఈ టపా వ్రాస్తున్నాను.

కంపాటిబిలిటీ అన్న మాటను అనుకూలత అనీ పొందిక అనీ అనువదిస్తున్నారు. తెలుగు పండితుడిగా బ్రదుకు గడిపినవాణ్ణి గనుక నాకు సంధి అన్న మాటే దగ్గరగా తోస్తుంది. చిన్న, అక్క అన్న మాటలు కలిసి చిన్నక్క అవుతాయి. మా, అమ్మ అన్నవి అలా కలవవు; నడుమ ఒక యకారం వచ్చి చేరి మాయమ్మ అవుతుంది. సంధి లేని చోట వచ్చే ఆ యకారాన్నే యడాగమం అని బడిలో ఎన్ని వేల సార్లు చెప్పానో! కంప్యూటరు అంగళ్లలో అడాప్టరు, కన్వర్టరు అన్న పేర్లతో అమ్మేవి ఈ యడాగమాలే. అయితే అన్ని చోట్లా యడాగమం రాదు. ఇక్కడా అంతే.

ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును 1981 ఆగస్టు 12న ప్రకటించింది. తొందరగా విపణిలోకి రావాలన్న ఉద్దేశంతో సొంత భాగాలకు బదులు బయట దొరికే భాగాలను ఎక్కువగా వాడారు. ప్రాసెసరు ఇంటెల్‌ది, డాస్ మైక్రోసాఫ్టుది. పైగా యంత్రం లోపలి వివరాలతో ఒక సాంకేతిక గ్రంథాన్ని కూడా ప్రచురించారు. ఐబీఎం తనది అని కాపాడుకొన్నది ముఖ్యంగా బయోస్ అనే చిన్న ప్రోగ్రాము ఒక్కటే. కాంపాక్ సంస్థ ఆ బయోస్‌ను చూడకుండానే అదే పని చేసే మరొక దానిని వ్రాయించి, 1982 చివరలో తన యంత్రాన్ని ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ సంస్థ అటువంటి బయోస్‌నే ఎవరికైనా అమ్మడం మొదలుపెట్టింది. ఆ పైన "ఐబీఎం కంపాటిబుల్" అన్న బిరుదు పుట్టింది. ఒక యంత్రానికి ఆ బిరుదు తగునా కాదా అని తేల్చడానికి లోటస్ 1-2-3 నడుస్తుందా, ఫ్లైట్ సిమ్యులేటర్ నడుస్తుందా అని చూసేవారట. చేయి జారిన అధికారాన్ని తిరిగి పట్టుకోవడానికి ఐబీఎం 1987లో పీఎస్/2 యంత్రాలతోపాటు మైక్రోచానెల్ అనే కొత్త గాడిని తెచ్చింది. పాత కార్డులు అందులో దిగవు. తక్కిన కంపెనీలు తొమ్మిది ఏకమై 1988లో పాత కార్డులు కూడా దిగే ఈసా గాడిని ప్రతిపాదించాయి. మైక్రోచానెల్ నిలవలేదు. పాతవాటిని వెలివేసిన కొత్తదనాన్ని జనం ఒప్పుకోని సందర్భం అది. తరువాతి రోజుల్లో అన్నిసార్లూ అలా జరగలేదు.

ఆ ఐబీఎం తరహా గాడిలోనే మన తెలుగు కూడా మొదట ప్రవేశించింది. ఐఐటీ కాన్పూరులో మొదలై తరువాత పుణేలోని సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ సాంకేతికత ఒక కార్డు రూపంలో వచ్చేది. దానిని యంత్రంలో గుచ్చితే డాస్‌లో నడిచే ప్రోగ్రాములలో భారతీయ లిపులు కనబడేవి. అనగా ఆనాడు తెలుగు అక్షరం సాఫ్టువేరు కాదు, ఒక హార్డువేరు వస్తువు! డాస్ పోయి, ఆ కార్డు దిగే ఐసా గాడులు మదర్‌బోర్డుల మీద నుంచి తొలగిపోయాక ఆ కార్డుకు చోటు లేకపోయింది. కాని దాని వెనుక ఉన్న ఆలోచన పోలేదు. భారతీయ లిపులన్నింటికీ ఒకే అమరిక అన్న ఇస్కీ ప్రమాణమే 1991 నాటి యూనికోడులో మన తెలుగు గడుల వరుసకు ఆధారమయింది. కార్డు చెత్తబుట్టకు పోయినా అందులోని వర్ణక్రమం మనం ఇప్పుడు టైపు చేసే ప్రతి అక్షరంలోనూ బతికి ఉంది.

ఇక మన ఇళ్ల సంగతి. 1990ల చివర మధ్యతరగతి ఇళ్లకు వచ్చినవి ఎక్కువగా అసెంబుల్డు యంత్రాలు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతే బోర్డు ఒక కొట్లో, ర్యామ్ మరొక కొట్లో బేరమాడి, మూడో కొట్లో బిగించుకొని రావచ్చును. భాగాలు విడివిడిగా కొన్నాం గనుక విడివిడిగానే మార్చుకోవచ్చునన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో మొదట ర్యామ్ దగ్గర తెలిసివచ్చింది.

మా మొదటి యంత్రం 2000లో కొన్నది. ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డు, 64 మెగాబైట్ల ర్యామ్, విండోస్ 98. 2004లో 256 మెగాబైట్ల పలక తెచ్చి పెడితే యంత్రం దానిని 128గా లెక్కపెట్టింది. దుకాణంవారు పేచీ పెట్టకుండా పలక మార్చి ఇచ్చారు. రెండోదీ 128 అనే చెప్పింది. దోషం పలకలో లేదు. 1998 నాటి ఆ చిప్‌సెట్ ఒక్కొక్క చిప్పును 128 మెగాబిట్ల వరకే గుర్తించగలదు. మాకు ఇచ్చిన పలక మీద 256 మెగాబిట్ల చిప్పులు ఎనిమిది ఉన్నాయి. అదే 256 మెగాబైట్లను 128 మెగాబిట్ల చిప్పులు పదహారింటితో చేసిన పాత పలక అయితే సరిగా పట్టేది. పైకి చూస్తే గాడి ఒకటే, కాళ్లు ఒకటే, అంకె ఒకటే. అర్థం మాత్రం సగమే అందింది.

అక్కడికి అది నయం, పలక దిగనైనా దిగింది. ఎస్‌డీ ర్యామ్‌కు 168 కాళ్లు, 3.3 వోల్టులు. డీడీఆర్‌కు 184 కాళ్లు, 2.5 వోల్టులు. డీడీఆర్2కు 240 కాళ్లు, 1.8 వోల్టులు. డీడీఆర్3కీ 240 కాళ్లే, కాని గంటు మరొక చోట, వోల్టులు 1.5. డీడీఆర్4కు 288 కాళ్లు, 1.2 వోల్టులు. డీడీఆర్5కూ 288 కాళ్లే, కాని అది దీని గాడిలో దిగదు. వేగం పెంచాలంటే విద్యుత్తు తగ్గించాలి. విద్యుత్తు మారితే పాత పలక కొత్త గాడిలో దిగకుండా అడ్డుపడాలి, దిగితే ప్రమాదం గనుక. గంటు స్థానం మార్చడం అందుకే. ఈ మార్పులో దురాశ కన్న అవసరమే ఎక్కువ అని నా అభిప్రాయం. పరివర్తన కాలంలో ఎస్‌డీ, డీడీఆర్ రెండు రకాల గాడులూ ఉన్న బోర్డులు కూడా కొన్ని వచ్చాయి. అయితే ఒకసారి ఒక రకమే వాడాలి.

ఇక్కడి నుంచి గోచీ కోసం పిల్లిని, పిల్లి కోసం ఆవును పెంచిన సన్యాసి కథ మొదలవుతుంది. ఎక్కువ ర్యామ్ కావాలంటే కొత్త బోర్డు. కొత్త బోర్డుకు కొత్త ప్రాసెసరు. పెంటియం 4 అయితే నాలుగు కాళ్ల 12 వోల్టుల తీగ అదనంగా ఉన్న కొత్త ఎస్‌ఎంపీఎస్. 1995లో ఏటీఎక్స్ ప్రమాణం రాకముందు నాటి పాత పెట్టె అయితే ఆ బోర్డు అందులో పట్టదు గనుక కొత్త క్యాబినెట్టు. కీబోర్డు మూతి కూడా మారింది గనుక దానికొక యడాగమం. చివరకు పాత యంత్రంలో మిగిలేవి ఫ్లాపీ డ్రైవు, హార్డు డిస్కు. హార్డు డిస్కుదీ వేరొక కథ. ఆ కాలపు కొన్ని బయోస్‌లు 33.8 గిగాబైట్లు దాటిన డిస్కును చూసి బిగుసుకుపోయేవి. డిస్కు వెనుక ఒక జంపర్ మార్చి, 40 గిగాబైట్ల డిస్కుచేత "నేను 32 మాత్రమే" అని అబద్ధం చెప్పించి పని గడుపుకొనేవారు. కొన్నదానిలో కొంత వదులుకొంటే తప్ప సంధి కుదరని స్థితి అది.

అయినా మనలో చాలామంది ఆ ఖర్చుకు ఎందుకు సిద్ధపడ్డామో గుర్తున్నదా? ఆటల కోసం కాదు. విండోస్ 98లో యూనికోడు తెలుగు సరిగా రాలేదు. పోతన ఖతి దించుకొని బ్రౌజరులో చదవడం ఎంతో కొంత కుదిరినా, తక్కిన చోట్ల గుణింతపు గుర్తులు చుక్కల సున్నాలు తగిలించుకొని అక్షరాలకు దూరంగా నిలబడేవి, ఒత్తులు విడిపోయి పక్కన కూర్చొనేవి, లేదా అంతా డబ్బాలే. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి, తెలుగు సంయుక్తాక్షరాలను కూర్చే సామర్థ్యం వచ్చాయి. అవి కూడా అడిగితేనే: కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టాలి, అది సీడీ అడుగుతుంది. ఆ ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్లు చాలునని, 128 ఉంటే మేలని పెట్టె మీద ఉండేది. 64తో నడిపినవారికి దాని నడక తెలుసు. "క్ష్మ" సరిగా కనబడటం కోసం ర్యామ్, ర్యామ్ కోసం బోర్డు, బోర్డు కోసం తక్కినవన్నీ. 98 కోసం వ్రాసిన పాత డ్రైవర్లు ఎక్స్‌పీలో చెల్లవు గనుక స్కానరు, మోడెము కూడా పోయాయి. లేఖినిలో మొదటి వాక్యం కొట్టి, అది విడిపోకుండా నిలబడటం చూసినవారెవరూ ఆ ఖర్చును దండుగ అని అనలేదు.

కాళ్ల లెక్క కలిసినా సంధి కుదరని విషయం ప్రాసెసర్లలో మరింత స్పష్టం. సాకెట్ 370లో 370 రంధ్రాలు. 2001లో వచ్చిన టువాలటిన్ రకం పెంటియం 3కీ 370 కాళ్లే. కాని పాత బోర్డులలో అది నడవదు, కాళ్ల పని మారింది, వోల్టులు మారాయి. పదహారేళ్ల తరువాత అదే మళ్లీ జరిగింది. 2015లో ఆరో తరం ప్రాసెసర్లతో వచ్చిన సాకెట్‌కు 1151 స్పర్శస్థానాలు. 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరానికీ 1151 స్థానాలే, కాని దానికి కొత్త చిప్‌సెట్ బోర్డే కావాలి.

ఇది నాకు కథగా కాక లెక్కగా ఎదురయింది. మా ఇప్పటి యంత్రం 2016 నాటిది, ఆరో తరం. 2021లో వచ్చిన విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ప్రధానంగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే అధికారికంగా ఒప్పుకొంటుంది, టీపీఎం 2.0 కూడా అడుగుతుంది. ప్రాసెసరు ఒక్కటే మార్చుదామంటే పైన చెప్పిన అడ్డంకి. పూర్వం కాలు పట్టక, విద్యుత్తు చాలక సంధి తప్పేది. ఇప్పుడు యంత్రానికి శక్తి ఉన్నా జాబితాలో పేరు లేదు. ఈ తేడా నాకు నచ్చలేదు. భద్రత కోసం అని వారు చెప్పే కారణంలో కొంత నిజం లేకపోలేదు, అయినా నచ్చలేదు.

నిర్ణయం చివరకు ఇలా చేశాను. 2003లో వచ్చిన సాటా అతుకు ఇప్పటికీ మారలేదు గనుక పాత డిస్కు తీసి సాటా ఎస్ఎస్‌డీ పెట్టించాను. ఖాళీగా ఉన్న గాడిలో మరొక 4 గిగాబైట్ల పలక వేయించాను. విండోస్ తీసి లినక్సు ఎక్కించాను. తెలుగు ఒత్తులు అక్కడా చక్కగా కుదిరాయి. బోర్డు, ప్రాసెసరు, పెట్టె ముట్టుకోలేదు.

నిజమైన చిక్కు మరొకటి. 2005 నాటి ఎక్స్‌పీ యంత్రాన్ని ఇంకా అటక ఎక్కించలేకపోయాను. మా పాఠశాల వార్షిక సంచికలు, నేను వ్రాసుకొన్న శతక వ్యాఖ్యలు ఒక డీటీపీ సాఫ్టువేరులో ఉన్నాయి. ఖతి లేకపోతే అవి ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు. ఆ సాఫ్టువేరు తెరవాలంటే ప్యారలల్ పోర్టుకు తగిలించే హార్డువేరు లాకు ఉండాలి. కొత్త బోర్డులకు ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే తీగ అనే యడాగమం కొని చూశాను. అది ప్రింటరుకు పనికివస్తుంది గాని లాకుకు కాదు. లాకు పాత పోర్టు చిరునామాలోనే పలకరింపు కోరుతుంది, ఈ తీగ ఆ చిరునామాలో ఉండదు. గట్టి యడాగమం ఒకటుంది, బోర్డులో గుచ్చే ప్యారలల్ కార్డు. కాని ఆ సాఫ్టువేరు లినక్సులో నడవదు. అందుచేత ఆ పాత యంత్రాన్ని అంతర్జాలానికి తగిలించకుండా, రోజుకు కొన్ని పుటల చొప్పున ఫైళ్లు బయటికి తీసి యూనికోడులోకి మారుస్తున్నాను. పరివర్తకం ఒత్తులను బాగానే పట్టుకొంటుంది. శకటరేఫల దగ్గర, అరసున్నల దగ్గర తడబడుతోంది, అవి చేత్తో దిద్దవలసిందే.

ఇంకా మూడు సంచికలు మిగిలాయి. మొన్న ఆ యంత్రం తేదీ మరిచిపోయి ప్రతి ఉదయం 2002 అని చెబుతుంటే, కొత్త యంత్రం కోసం తెచ్చి ఉంచిన సీఆర్2032 బిళ్ల బ్యాటరీ తీసి అందులో వేశాను. అది మాత్రం ఏ పేచీ లేకుండా సరిపోయింది.