గొరగనమూడి సన్న్యాసి - పరమాణుగర్భము

1896వ సంవత్సరమున పారిసులో బెక్వెరల్ పండితుడు యురేనియమునుండి కంటి కగపడని కిరణములు తమంత తామే వెలువడుచున్నవని కనుగొనెను. ఆ యేడే భీమవరము చేరువనున్న గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించెను. ఆయన సన్న్యసించి, స్వామి జ్ఞానానందుడై హిమాలయములలో తపమాచరించి, పిదప ఐరోపాలో భౌతికశాస్త్ర విద్యార్థి యయ్యెను. 1936లో ప్రేగు నగరపు చార్లెస్ విశ్వవిద్యాలయమున పట్టము పొందునప్పటికి ఆయనకు ఇంచుమించు నలువదియేండ్లు. మన ఇండ్లలో ఆ ప్రాయమువారిని చదువుకొమ్మన్న నవ్వుదురు!

అటుపిమ్మట లివర్పూలులో, 1932లో న్యూట్రానును కనుగొన్న చాడ్విక్కునొద్ద, బీటాకిరణములను పరిశోధించెను. పరమాణువు నడుమ ప్రోటానులు, న్యూట్రానులు కూడిన కేంద్రకముండును, చుట్టును ఎలక్ట్రానులుండును. కొన్ని కేంద్రకములకు నిలుకడ లేదు. అట్టిదానిలో నొక న్యూట్రాను ప్రోటానుగా మారినచో ఎలక్ట్రాను వెలికి దూకును, అదియే బీటాకిరణము. అంతటితో ఆ పరమాణువు వేరొక మూలకమగును. అయస్కాంతము నెదుట మందగతిగల కణము ఎక్కువగను, వేగముగలది తక్కువగను వంగును. ఆ వంపు కొలిచిన కణముయొక్క శక్తియు, దానినిబట్టి కేంద్రకపు లోగుట్టును కొంత తెలియును. దారిలో గాలి యడ్డురాకుండ పాత్రను శూన్యము చేయవలెను. ఈ శూన్యసాధననుగూర్చియే స్వామి 1947లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను.

కన్నులు మూసి ధ్యానించినవాడే కన్నులు తెరచి కొలతకు పూనుకొనుట నాకు మిక్కిలి ముచ్చటగొలుపును. 1950వ దశకమున ఆయన విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్రశాఖను తీర్చిదిద్దెను. 1969లో పరమపదించెను. అచ్చటి పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టిరి.