సీలింగ్‌లో నారింజ రంగు పైపులు: ఫైర్ స్ప్రింక్లర్‌కు ప్లాస్టిక్ పనికొస్తుందా?

కట్టుబడి నడుస్తున్న పెద్ద అపార్ట్‌మెంట్లలో కొన్నిచోట్ల, ఫాల్స్ సీలింగ్ వేయకముందు పైకి చూస్తే నారింజ రంగు ప్లాస్టిక్ పైపులు కనిపిస్తాయి. అవి ఫైర్ స్ప్రింక్లర్ లైన్లని సైట్ ఇంజనీరు చెప్పగానే ఫ్లాట్ చూడటానికి వెళ్లిన కుటుంబానికి వచ్చే అనుమానం ఒకటే. నిప్పు అంటుకుంటే ముందు కరిగేది ప్లాస్టికే కదా, ఇక నీళ్లెలా వస్తాయి? ఇనుప పైపు ఖర్చు తప్పించుకోవడానికి బిల్డరు చేసిన పని కాదు కదా?

2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో 17 మంది ప్రాణాలు పోయాక హైదరాబాద్‌లో ఇల్లు కొనేవాళ్లు, అద్దెకు దిగేవాళ్లు ఇలాంటివి గట్టిగానే అడుగుతున్నారు. అడగాల్సిందే. జవాబు మాత్రం అవును, కాదు అని ఒక్క మాటలో తేలేది కాదు. ఈ పైపు పనిచేస్తుంది. అయితే అది ఆ పనికే తయారైన పైపు అయి ఉండాలి, దానికి అనుమతి ఉన్న చోటే వేయాలి, అతికించడం తెలిసిన చేతులు అతికించాలి. వీటిలో ఒక్కటి తప్పినా నమ్మడానికి లేదు.

నిప్పులో ఎలా నిలుస్తుంది?

ఈ పైపు పేరు సీపీవీసీ. మామూలు పీవీసీలో బరువు ప్రకారం సుమారు 57 శాతం క్లోరిన్ ఉంటుంది. దానికి ఇంకా క్లోరిన్ ఎక్కించి 63 నుంచి 69 శాతం దాకా తీసుకెళ్తే సీపీవీసీ అవుతుంది. ఆ అదనపు క్లోరినే దీన్ని వేడికి, మంటకు తట్టుకునేలా చేస్తుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. సీపీవీసీ తనంతట తాను మండుతూ ఉండాలంటే దాదాపు 60 శాతం ఆక్సిజన్ కావాలి. అందుకే మంట తగిలితే పైపొర నల్లగా మాడుతుంది గానీ, మంట తీసేయగానే ఆరిపోతుంది. మాడిన ఆ పొర లోపలికి వేడి తొందరగా పోకుండా అడ్డుపడుతుంది కూడా.

అసలు బలం లోపలి నీళ్లది. కాగితపు కప్పులో నీళ్లు పోసి దీపం మీద పట్టుకుంటే కాగితం అంటుకోదు, వేడిని నీళ్లు లాగేసుకుంటాయి. ఇక్కడా అంతే. పైపు నిండా నీళ్లుంటాయి. గదిలో మంట లేవగానే సీలింగ్ కింద వేడి పోగవుతుంది. స్ప్రింక్లర్ హెడ్‌లో ఎర్ర గాజు బల్బు ఉంటే అది 68 డిగ్రీల దగ్గర పగులుతుంది. అప్పటి నుంచి నీళ్లు పారుతూనే ఉంటాయి, పైపు చల్లబడుతూనే ఉంటుంది. సినిమాల్లో చూపించినట్టు బిల్డింగ్ మొత్తం ఒకేసారి వాన కురవదు. వేడి తగిలిన హెడ్ ఒక్కటే తెరుచుకుంటుంది.

దీన్నిబట్టే ఒక కచ్చితమైన నిబంధన వచ్చింది. నీళ్లు ఎప్పుడూ నిండి ఉండే లైన్లకే ఈ పైపు. లోపల గాలి నింపి ఉంచే డ్రై సిస్టమ్‌లకు ఇది నిషిద్ధం. పని పూర్తయ్యాక లీకేజీ చూడటానికి కంప్రెసర్‌తో గాలి కొట్టడం కూడా ప్రమాదమే. గాలి ఒత్తిడికి పైపు పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. టెస్టింగ్ నీళ్లతోనే చేయాలి. అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 13 ప్రకారం సాధారణంగా 200 పీఎస్ఐ, అంటే సుమారు 13.8 బార్ ఒత్తిడిలో 2 గంటలు నిలబడాలి.

అమెరికాలో ఈ పైపులు స్ప్రింక్లర్ల కోసం 1980ల మధ్యలో మార్కెట్లోకి వచ్చాయి. కాలిఫోర్నియాలో 2011 జనవరి నుంచి కొత్తగా కట్టే విడి ఇళ్లకు కూడా స్ప్రింక్లర్లు తప్పనిసరి అయ్యాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల కొత్త ఇళ్లలో సీలింగ్ వెనక ఉన్నది చాలావరకు ప్లాస్టిక్ పైపే. చలి ప్రదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా కొందరు కలిపే గ్లైకాల్ మాత్రం సీపీవీసీని చీల్చేస్తుంది.

కింద గోదాము, పైన ఇల్లు

పాతబస్తీలోనూ, జిల్లా కేంద్రాల బజార్లలోనూ కింద దుకాణం లేదా గోదాము, పైన కాపురం ఉండే బిల్డింగులు ఎన్నో. ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. సీపీవీసీ స్ప్రింక్లర్ పైపుకు అనుమతి ఉన్నది ప్రధానంగా 'లైట్ హజార్డ్' అనే కోవకు. ఇళ్లు, ఆఫీసులు, స్కూళ్లు, ఆసుపత్రి వార్డులు, మస్జిద్‌ల వంటి ప్రార్థనా స్థలాలు దాని కిందికి వస్తాయి. కాలే సామాను తక్కువ ఉండే చోట్లు అన్నమాట. అలాంటి బిల్డింగులో ఒక చిన్న స్టోర్ గది ఉంటే, 400 చదరపు అడుగుల లోపు అయితే, ఎన్ఎఫ్‌పీఏ 13 ఒప్పుకుంటుంది. బట్టల గోదాము, ఫర్నిచర్ వర్క్‌షాప్, పెయింట్లూ కెమికల్స్ నిల్వ ఉండే చోటు అలా కాదు. అక్కడ మంట తీవ్రత వేరు, ఇనుప పైపే వేయాలి. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద అంతస్తులో ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని పైన ఫ్లాట్లలో ఉన్నవాళ్లు చనిపోయారు. అలాంటి నిల్వ పైన కాపురాలు ఉండటమే తప్పు, ఏ పైపు వేసినా దాన్ని సరిదిద్దలేదు.

మన దేశంలో స్ప్రింక్లర్ల డిజైన్‌కు ఐఎస్ 15105 ప్రమాణం ఉంది. ఈ పైపుకు ప్రత్యేకంగా ఐఎస్ 16088 ఉంది. ఇంట్లో గీజరు దగ్గరా, కుళాయిలకూ వాడే క్రీమ్ రంగు సీపీవీసీకి వేరే నంబరు, ఐఎస్ 15778. రెండూ ఒకే ప్లాస్టిక్ కదా అని ప్లంబరు ఎవరైనా కుళాయి పైపును స్ప్రింక్లర్‌కు వాడతానంటే ఒప్పుకోకూడదు. రంగు చూసి కూడా మోసపోవద్దు. పైపు మీద పొడుగునా అచ్చయి ఉండే నంబరు చదవాలి. విదేశీ సరుకైతే యూఎల్ లిస్టింగ్ గుర్తు ఉంటుంది.

గమ్ దగ్గరే గట్టితనం

ఇనుప పైపుకు వెల్డింగ్, మంట, పొగ తప్పవు. దీనికి కోత, గమ్ చాలు. బరువు తక్కువ, తుప్పు పట్టదు, లోపల నున్నగా ఉండటంతో నీళ్లు తేలిగ్గా పారతాయి. జనం ఉంటున్న పాత బిల్డింగులో స్ప్రింక్లర్లు కొత్తగా వేయాలంటే ఇది నిజంగా పెద్ద సౌకర్యం. కానీ ఈ తేలికే కొందరిని అజాగ్రత్తలోకి దింపుతుంది.

పైపును నిటారుగా కోసి, అంచు నునుపు చేసి, గమ్ రాసి, ఫిట్టింగ్‌లోకి తోస్తూ పావు వంతు తిప్పి, 30 సెకన్లు పట్టుకోవాలి. ఆ తర్వాత ఆరే సమయం పైపు సైజును బట్టి, వాతావరణాన్ని బట్టి గంట నుంచి రోజుల దాకా ఉంటుంది. సాయంత్రానికి టెస్టింగ్ అయిపోవాలని తొందరపెడితే జాయింటు ఏదో ఒకరోజు ఊడుతుంది. గమ్ ఎక్కువ రాయడం ఇంకా చెడ్డది. కారిన గమ్ స్ప్రింక్లర్ హెడ్ నోట్లో గడ్డకడితే ఆ హెడ్ మూసుకుపోయినట్టే. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, మంట వచ్చిన రోజే తెలుస్తుంది. అందుకే జాయింట్లు ఆరాకే హెడ్లు బిగించాలి.

ఈ పైపుకు ఎండ కూడా పడదు. డాబా మీద నెలల తరబడి ఎండలో పడేసిన పైపును తెచ్చి వాడకూడదు. 175 పీఎస్ఐ ఒత్తిడిని అది తట్టుకునేది చుట్టూ వేడి 65 డిగ్రీలు దాటనంతవరకే.

గృహప్రవేశం తర్వాత జరిగే నష్టం

బిల్డరు అన్నీ సరిగ్గా చేసినా, తర్వాత ఇంటీరియర్ పనిలో పైపు పాడయ్యే అవకాశం ఉంది. సీపీవీసీకి నిప్పు కంటే పెద్ద శత్రువు కొన్ని నూనెలు, కెమికల్స్. ఇనుప పైపుకు మర కోసేటప్పుడు వాడే కటింగ్ ఆయిల్, కొన్ని రకాల సీలెంట్లు, స్ప్రే ఫోమ్, మెత్తటి ప్లాస్టిక్ తొడుగున్న కేబుళ్లు దానికి ఆనుకుని ఉంటే నెలల తరబడి మెల్లగా తినేసి, సన్నటి చీలికలు తెస్తాయి. ఏసీ వాళ్లు, కేబుల్ వాళ్లు తమ వైర్లను ఈ పైపుకే కట్టేసి పోవడం చూస్తూనే ఉంటాం. ఫ్యాన్సీ లైటును దానికి వేలాడదీసేవాళ్లూ ఉన్నారు. పెయింట్ వేయాల్సి వస్తే నీళ్లతో కలిపే రకమే, అదీ పైపు మీదే. హెడ్ మీద ఏ పెయింటూ పడకూడదు.

అసోసియేషన్ మీటింగులో అడగాల్సిన ఇంకో విషయం వాల్వ్. అమెరికా రికార్డుల్లో స్ప్రింక్లర్లు పనిచేయని సందర్భాలు చూస్తే సగానికి పైగా కారణం పైపు కాదు, హెడ్ కాదు. ఎవరో ఎప్పుడో సిస్టమ్ ఆపేసి, మళ్లీ తెరవలేదు. మన దగ్గర వాచ్‌మన్ మారితే వాల్వ్ ఎక్కడుందో తెలిసినవాళ్లే ఉండరు. గేజ్‌లో ముల్లు సున్నా దగ్గర ఉంటే పైపు ఇనుపదైనా ప్లాస్టిక్‌దైనా ఒకటే.

లీకేజీ వస్తే ఎం-సీల్ పూసి సర్దుకోవడం కుదరదు. లైన్ ఖాళీ చేసి, ఆ ముక్క కోసి, అదే రకం పైపు, దానికి కంపెనీ చెప్పిన గమ్‌తో కొత్తది అతికించి, పూర్తిగా ఆరాక నీళ్లు నింపి మళ్లీ టెస్ట్ చేయాలి. అదయ్యాక వాల్వ్ పూర్తిగా తెరిచారో లేదో పని చేసినవాళ్లు వెళ్లకముందే అసోసియేషన్ నుంచి ఒకరు దగ్గరుండి చూసుకోవాలి.