మూలపడిన మోరిస్ మైనర్

ఇంగ్లండులో ఇళ్ళ వెనుక గరాజుల్లో ఏళ్ళ తరబడి కదలకుండా పడివున్న పాతకార్లకు లోటు లేదు. వాటిలో మోరిస్ మైనర్ తరచు కనబడుతుంది. అటువంటి బండిని చవకగా కొని, సెలవు రోజుల్లో స్వయంగా బాగుచేసి రోడ్డెక్కించాలని మనవారిలోనూ కొందరికి ఉబలాటం వుంది. ఆ పనికి దిగేముందు ఆ కారు చరిత్ర కొంత తెలుసుకోవడం అవసరం. అది ఎక్కడ తుప్పు పడుతుంది, ఏ భాగం సులువుగా బాగవుతుంది, ఏ భాగాన్ని అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది అన్నవన్నీ 1940లలో జరిగిన నిర్ణయాల మీదే ఆధారపడి వున్నాయి.

రెండవ ప్రపంచయుద్ధం సాగుతుండగానే మోరిస్ కంపెనీలో అలెక్ ఇస్సిగోనిస్ అనే ఇంజనీరు ఒక చిన్నకారుకు రూపకల్పన ఆరంభించాడు. ఆయన 1906లో నాటి ఒట్టోమన్ సామ్రాజ్యంలోని స్మిర్నా నగరంలో పుట్టాడు. 1922లో ఆ నగరం యుద్ధంలో చిక్కుకున్నప్పుడు కుటుంబంతో బయటపడి, తర్వాత ఇంగ్లండు చేరాడు. తదుపరి కాలంలో, 1959లో వచ్చిన మినీ కారు కూడా ఆయన సృష్టే.

ఈ కారుకు మొదట పెట్టిన గుప్తనామం ‘మస్కిటో’. కంపెనీ అధిపతి లార్డ్ నఫీల్డ్‌కు దాని ఆకారం నచ్చలేదు. ఉత్పత్తి మొదలయ్యే దశలో ఇస్సిగోనిస్‌కే వెడల్పు చాలలేదనిపించింది. నమూనా కారును నిలువునా రెండుగా కోయించి, రెండు ముక్కలను ఎడంగా జరిపించి, చూపుకు సరిపోయిందనిపించిన చోట ఆపించాడు. అలా పెరిగిన వెడల్పు 4 అంగుళాలు. బానెట్ నడుమ కనిపించే చదునైన పట్టీ దానికి గుర్తు. అప్పటికే తయారైవున్న బంపర్లను పారవేయకుండా, మధ్యకు కోసి 4 అంగుళాల ముక్క అతికించి వాడారు. తొలినాటి మైనర్ దొరికినవారు ఆ అతుకును లోపమనుకొని కొత్త బంపరు వేయకూడదు. అది చరిత్ర.

1948 అక్టోబరులో లండన్‌లోని ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనలో మైనర్ జనం ముందుకు వచ్చింది. బాడీ కొత్తదే గాని, ఇంజను మాత్రం అంతకుముందు మోరిస్ ఎయిట్‌లో వాడిన 918 సి.సి. పాతదే. 1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసి బి.ఎం.సి. ఏర్పడ్డాక, ఆస్టిన్ వారి ఎ-సిరీస్ ఇంజను 803 సి.సి. రూపంలో దీనిలోకి చేరింది. 1956లో అది 948, 1962లో 1098 సి.సి. అయింది. 1960 డిసెంబరులో పదిలక్షలవ మైనర్ తయారైంది. అంతవరకు ఏ బ్రిటిష్ కారూ ఆ సంఖ్యను చేరలేదు. 1970ల మొదట్లో ఉత్పత్తి ఆగేసరికి మొత్తం 16 లక్షలు దాటింది. ఎ-సిరీస్ ఇంజను మాత్రం మినీలో 2000 దాకా కొనసాగింది. మైనర్ ఇంజనుకు విడిభాగాలు నేటికీ సులువుగా దొరకడానికి అదొక ముఖ్య కారణం.

ఈ వంశం మనకు కొత్త కాదు. 1948 ప్రదర్శనలోనే మైనర్‌తోపాటు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా కొత్త రూపంలో వచ్చింది. కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఆక్స్‌ఫర్డును ‘హిందుస్థాన్ 14’ పేరుతో, మైనర్‌ను ‘బేబీ హిందుస్థాన్’ పేరుతో తయారుచేశారు. తర్వాతి ఆక్స్‌ఫర్డు సిరీస్ 3 నుంచి 1957లో అంబాసిడర్ పుట్టింది. 2014లో ఉత్తరపారాలో పని ఆగేవరకు అది తయారవుతూనే వుంది. ముందు చక్రాలకు టార్షన్ బార్లు, వెనుక కమాను పట్టీలు, రాక్ అండ్ పినియన్ స్టీరింగు, ఈ అమరిక రెండు కార్లకూ ఉమ్మడి. ఊళ్ళో షెడ్డు దగ్గర నిలబడి అంబాసిడర్ ఓవర్‌హాలింగు చూసినవారికి మైనర్ బానెట్ ఎత్తితే అంతా తెలిసిన చోటే అనిపిస్తుంది.

ఇక తుప్పు సంగతి. అంతకుముందు చాలా కార్లకు అడుగున వేరే ఛాసిస్ వుండేది. బరువంతా ఆ ఇనుప చట్రమే మోసేది. పైనున్న రేకు చిల్లులు పడినా బండి నిలిచేది. మైనర్‌లో ఛాసిస్, బాడీ ఒకటైపోయాయి. తలుపుల కింద పొడవునా పోయే సిల్లులు, నేలరేకు, దానికింది అడ్డదూలం, ముందువైపు పెట్టెల్లాంటి దూలాలు కలిసి బరువు మోస్తాయి. ముందు చక్రాల బరువు ఆపే టార్షన్ బార్లు పొడవాటి ఉక్కు కడ్డీలు. మెలిపడి తిరిగి యథాస్థితికి రావడం వాటి పని. వాటి వెనుక కొసలు బిగిసివుండేది నేలకింది అడ్డదూలానికే. బండి తేలికగా, రోడ్డుమీద స్థిరంగా నడవడానికి కారణం ఈ నిర్మాణమే. శీతాకాలంలో ఇక్కడి రోడ్లమీద చల్లే ఉప్పు ఈ దూలాల్లో చేరితే మాత్రం అది ఇంటి వాసానికి చెదపట్టినట్టే. పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల బలం వుండదు. ట్రావెలర్ రకంలో వెనుకభాగపు కర్రచట్రం కూడా అలంకారం కాదు, అదీ బరువు మోసేదే. ఊరట ఒక్కటే: నాలుగు మడ్‌గార్డులూ బోల్టులతో బిగించినవి కనుక విప్పి మార్చుకోవచ్చు.

ప్రభుత్వ పరీక్ష చరిత్ర కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1960 సెప్టెంబరులో ఈ దేశంలో ఎం.ఓ.టి. పరీక్ష మొదలైంది. పదేళ్ళు దాటిన బండ్లకు బ్రేకులు, లైట్లు, స్టీరింగు మాత్రమే చూసేవారు. 1967లో గడువు మూడేళ్ళకు తగ్గింది. 1977లో బాడీ, ఛాసిస్‌ల పటుత్వం కూడా పరీక్షలో చేరింది. 2018 మే నుంచి 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు ఈ పరీక్ష తప్పనిసరి కాదు. అయితే ప్రమాదకర స్థితిలో వున్న బండిని నడిపితే 2,500 పౌన్ల దాకా జరిమానా, నడపకుండా నిషేధం పడవచ్చు. అంటే పరీక్షించే బాధ్యత యజమాని మీదికి వచ్చింది. ఇంట్లో బాగుచేసుకునేవారు మనసుకు పట్టించుకోవలసిన మొదటి విషయం ఇదే.

అందుచేత పని వరుస ముఖ్యం. చాలామంది ఇంజను మోగించడంతో మొదలుపెట్టి, రంగు వేయడంతో ముగిస్తారు. ఇంజను మోగని బండి ఎవరికీ హాని చేయదు. ఆగని బండి చేస్తుంది.

మొదట అడుగుభాగం చూడాలి. స్క్రూడ్రైవరుతో సిల్లులను, అడ్డదూలాన్ని, వెనుక కమాను పట్టీలు తగిలించే చోట్లను గట్టిగా పొడిచి చూడాలి. అయస్కాంతం అంటుకోకపోతే అక్కడ వున్నది రేకు కాదు, పుట్టీ. కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మకూడదు, గట్టి స్టాండ్లు పెట్టాలి. సిల్లు కోసేముందు బండిని సమతలంగా నిలిపి, తలుపు సందుకు లోపల ఇనుప ఊతం బిగించి, ఒక్కొక్క పక్కే పని చేయాలి. లేకపోతే బాడీ వంగి, తర్వాత తలుపు పడదు. వెల్డింగు రానివారు ఈ ఒక్క పని తెలిసినవారి చేత చేయించుకోవడంలో చిన్నతనమేమీ లేదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీసివేయాలి, పెట్రోలు ట్యాంకును విప్పి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి కూడా పేలుతుంది.

రెండవది బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అన్నిటికీ ఒకే ద్రవమార్గం. ఒక గొట్టం పగిలితే కాలిబ్రేకు మొత్తం పోతుంది, హ్యాండు బ్రేకు ఒక్కటే మిగులుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, ఏళ్ళ తరబడి నిలిచిన బండిలో సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. రబ్బరు గొట్టాలు, చక్రాల సిలిండర్లు మార్చివేయడం మేలు. మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళకింద ఛాసిస్ దూలంలో ఇమిడివుంటుంది. దాని బోల్టులు తీయడానికి టార్షన్ బారు అడ్డు వస్తుంది. అందువల్లనే పాత యజమానులు దాన్ని వాయిదా వేస్తూ వచ్చి వుంటారు. మనం వాయిదా వేయకూడదు. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ వుండవచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

మూడవది ముందు చక్రాల ట్రనియన్లు. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగేది ఈ మరలున్న కీళ్ళమీదే. వీటికి తరచు గ్రీజు పెట్టవలసి వుంటుంది. పెట్టకపోతే మరలు అరిగి, ఒకనాడు కింది కీలు ఊడి, చక్రం పక్కకు వాలి, బండి కూలబడుతుంది. ఖర్చు చూస్తే ఒక గ్రీజు గన్ను, పది నిమిషాల కాలం. మైనర్ విషయంలో అశ్రద్ధకు పడే అతి పెద్ద శిక్ష ఇది.

ఆ తర్వాతనే ఇంజను. వెంటనే స్టార్టరు నొక్కకూడదు. స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో కొద్దిగా నూనె పోసి, ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. తర్వాత హ్యాండిలు పెట్టి చేతితో మెల్లగా తిప్పాలి. తిరిగితే నూనె మార్చి, పాత పెట్రోలు పారబోసి, ట్యాంకు కడిగి, పాయింట్లు శుభ్రం చేసి అప్పుడు ప్రయత్నించాలి. ఇంజను మొదలైనప్పటి పెట్రోలు నేడు లేదు. 2000 నుంచి సీసం కలిసిన పెట్రోలు అమ్మకం ఇక్కడ ఆగిపోయింది. అందుచేత గట్టి వాల్వు సీట్లు వేయించడమో, ప్రత్యేక ద్రవం కలపడమో చేస్తారు. 2021 నుంచి మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ వుంటోంది. అది పాత రబ్బరును తింటుంది గనుక గొట్టాలు మార్చి, ఐదు శాతం రకాన్నే పోయాలి. ఈ కారులో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలుస్తుందని కూడా మరవరాదు. టైర్లకు గాట్లు నిండుగా వున్నా, పక్కలు బీటలిస్తే మార్చవలసిందే. రంగు అన్నిటికన్నా చివర.

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. దీనికి సమాధానం చెప్పినవాడు చార్లెస్ వేర్. 1976లో బాత్ నగరంలో మైనర్ల కోసమే ఒక కేంద్రం తెరిచాడు. 1982లో ఒక పుస్తకం రాసి, కొన్నేళ్ళకొక కొత్తకారు కొని పారేసేకంటే, మైనర్ వంటి సరళమైన కారును భాగాలు మారుస్తూ దశాబ్దాలపాటు నడుపుకోవడం గృహస్థుకు లాభమని వాదించాడు. మైనర్లు ఇంకా నడుస్తున్న శ్రీలంకలో విడిభాగాల తయారీకి కూడా పూనుకున్నాడు. ఏటేటా కొంత పని చేస్తూ వస్తే ఏనాడూ పెద్దపని మీద పడదన్న మాట మన పల్లెల్లో పెంకుటిల్లు నేయించుకునే వారందరికీ తెలిసినదే.

బండి సిద్ధమైనాక రెండు జాగ్రత్తలు. మొదటినుంచి సీటు బెల్టులు లేని పాతకారులో మూడేళ్ళలోపు పిల్లలను ఎక్కించడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. అంతకు పెద్దపిల్లలు వెనుక సీట్లోనే కూర్చోవాలి. ఇంటిల్లిపాదీ తిరగదలచినవారు బెల్టులు బిగించుకోవడమే మంచిది. ఇక రెండవది: చట్టం అడగకపోయినా, మొదటి ప్రయాణానికి ముందు బండిని ఎం.ఓ.టి. కేంద్రానికి పంపి పరీక్ష చేయించాలి. మన చేతిపని మీద మనకు మమకారం వుంటుంది. బ్రేకుల విషయంలో మమకారం లేని రెండో మనిషి కన్ను అవసరం.