రాయి మాట ఆపిన చోట

దంతెవాడలో శంకినీ డంకినీ నదులు కలిసే చోటు గురించి బస్తర్ జనం ఒక కథ చెప్పుకుంటారు. ఓరుగల్లు కూలిపోయాక కాకతి ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు అడవులు పట్టి ఉత్తరానికి నడిచాడట. కులదేవత అతని వెనకాలే వస్తానంది. తన అందెల చప్పుడు వినిపించినంతసేపూ నడవమంది, వెనుదిరిగి మాత్రం చూడవద్దంది. సంగమం దగ్గరికి వచ్చేసరికి అమ్మవారి పాదాలు ఇసుకలో కూరుకుపోయాయి. అందెలు మూగబోయాయి. అన్నమదేవుడు ఉండబట్టలేక తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. అదే దంతేశ్వరి గుడి.

ఇది జనం నోట బతికిన మాట. రాతి మీద బతికిన మాట కూడా దంతెవాడలోనే ఉంది. 1703లో బస్తర్ రాజు దిక్పాలదేవుడు అమ్మవారికి గొప్ప జాతర చేశాడు. వేలకొద్దీ దున్నలు, మేకలు బలి అయ్యాయనీ, శంకినీ నీళ్లు ఐదు రోజులు ఎర్రగా పారాయనీ రాజగురువు భగవాన్ మిశ్రా శాసనం రాయించాడు. ఒక రాతి మీద సంస్కృతం, ఇంకో రాతి మీద అక్కడి వాడుక భాష. సంస్కృతం చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారని రెండోది చెక్కించాడు. ఆ ముందుచూపుకు ఎప్పుడూ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు. రాజుల వంశం చెబుతూ ఆయన ఓరుగల్లు పేరు తలచుకున్నాడు, ప్రతాపరుద్రుణ్ణి తలచుకున్నాడు, ఆ నగరం విడిచి బస్తర్ చేరిన తమ్ముణ్ణి తలచుకున్నాడు. ఆంగ్లేయుల కాలంలో పండితుడు హీరాలాల్ ఈ శాసనాలను చదివి ప్రకటించాడు.

ఓరుగల్లు పడింది 1323లో. రాయి చెక్కింది 1703లో. నడుమ 380 ఏళ్లు. అన్నమదేవుడి వెంట ఎవరు నడిచారు? ఏ వాగు దాటుతుంటే గుర్రం కూలింది? ఓరుగల్లులో ఎవరిని వదిలి వచ్చాడు, అడవిలో ఎవరి కళ్లలో పడ్డాడు? రాయి ఒక్క మాట చెప్పదు. ప్రేమకథ, సాహసకథ రాసేవాళ్లకు ఇంతకంటే నోరూరించే చోటు ఉండదు. భయపెట్టే చోటు కూడా ఇదే. నిజమైన ఊరిని పెట్టుకుంటే ఆ ఊరి గుట్ట, వాగు, శాసనం అన్నీ సాక్షులై నిలబడతాయి, తప్పు రాస్తే పట్టేస్తాయి. ఊరినే కల్పించుకుంటే పట్టుకునేవాళ్లుండరు, కానీ చదివేవాడి కాలికి మట్టి అంటదు. మరి కథను ఎక్కడ దింపాలి?

ఈ చిక్కు మొదట గట్టిగా తగిలింది స్కాట్లండు రచయిత వాల్టర్ స్కాట్‌కు. 1814లో 'వేవర్లీ' అచ్చయినప్పుడు అందులో యుద్ధం నిజంగా జరిగిందే, కథానాయకుడు మాత్రం కల్పితం. ఆ దారి సముద్రాలు దాటింది. అమెరికా పడమటి సీమలో గుర్రాలు, తుపాకులు, ప్రేమలు కలిపి నవలలు రాసినవాళ్లూ దాన్నే తొక్కారు. 1884లో హెలెన్ హంట్ జాక్సన్ 'రమోనా' రాసింది. కాలిఫోర్నియా నేల నిజం, మొరీనో వాళ్ల ఇల్లు కల్పన. పుస్తకం చదివినవాళ్లు రైలెక్కి ఆ ఇంటిని వెతుక్కుంటూ వెళ్లారు. రమోనా ఇల్లు మాదంటే మాదని నిజమైన ఇళ్లు పోటీపడ్డాయి! 1912లో జేన్ గ్రే తన ప్రసిద్ధ నవలకు యూటా ఎర్రకొండలను ఉన్నవున్నట్టు తీసుకుని, వాటి మధ్య లేని ఊరొకటి కట్టాడు. కొండలు నిజమైతే ఊరు ఎంత అబద్ధమైనా నిలబడుతుందని వాళ్లు కనిపెట్టారు.

మనవాళ్లకు ఇది అంత తేలిగ్గా దొరకలేదు. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర'ను ధవళేశ్వరంలో నడిపించి, తర్వాత 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'లో కథను ఆడవాళ్లు ఏలే వింతదేశానికి తీసుకుపోయారు. మొదటిది నిజమైన ఊరు, రెండోది ఎక్కడా లేని ఊరు. రెండూ గొప్పవే, కానీ రెంటిలోనూ మన గతం లేదు. గతం కావాలనుకున్నవాళ్లు చాలాకాలం రాజపుత్రుల దేశానికి వెళ్లారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'హేమలత' అటువైపు వెళ్లినదే. కోటలు, శౌర్యం, కత్తులు అక్కడ సిద్ధంగా దొరికేవి, ఎవరో ఇంగ్లీషులో రాసిపెట్టి ఉంచారు కూడా. మన కోటల సంగతి మనకు ఎవరూ చెప్పలేదు. ఆ లోటు చూసి కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. చరిత్ర గ్రంథాలు వేశారు, చారిత్రక నవలలకు పోటీలు పెట్టారు. శాసనాలు వెతికి చదివే పని ఊపందుకుంది. ముందు రాళ్లు మాట్లాడాలి, ఆ తర్వాతే నవలలు. ఆ వరస తప్పనిసరి అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అలా మాట్లాడిన రాళ్లలో ఒకటి రాయచూరు కోట గోడలో ఉంది. 40 అడుగులకు పైన పొడవున్న ఒకే బండ. దాన్ని బండి మీదికి ఎక్కించి, దున్నపోతుల బారు కట్టి లాక్కొస్తున్న బొమ్మ పక్కనే చెక్కి ఉంది. ఎవరో పేరు లేని శిల్పి ఆ పనివాళ్ల కష్టాన్ని కూడా చరిత్రలో రాశాడన్నమాట. 1294 నాటి ఆ తెలుగు శాసనం గన్నయరెడ్డి అనే కాకతీయ సామంతుడి పేరు చెబుతుంది. అతని సేనాని విఠలుడు ఆదవోని, తుంబళం వంటి కోటలు గెలిచి, రాయచూరు చేరి ఈ గోడ కట్టించాడంటుంది. అంతే, రాయి మాట ఆపేసింది. గన్నయ ఎలాంటివాడు, ఎవరిని ప్రేమించాడు, యవ్వనంలో ఏం చేశాడు, ఒక్క అక్షరం లేదు.

ఆ మౌనంలోకి గుర్రం తోలుకుంటూ వెళ్లినవాడు నవలాకారుడు అడివి బాపిరాజు. ఆయన చిత్రకారుడు కూడా. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర కుంచె పట్టడం నేర్చినవాడు. 1940లలో హైదరాబాదుకు వచ్చి 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకుడయ్యాడు. కాకతీయుల నేల అలా ఆయనకు దగ్గరైంది. గోదావరి జిల్లాల మనిషిని ఉద్యోగం తెచ్చి తెలంగాణలో దింపడం ఒట్టి అదృష్టమే. ఆ అదృష్టం మన సాహిత్యానిది.

'గోన గన్నారెడ్డి' నవలలో బాపిరాజు చేసిన ఎంపిక చూడండి. ఓరుగల్లు నిజం, దాన్ని ఏలిన రుద్రమదేవి నిజం, పాలమూరు సీమలోని వర్ధమానపురం నిజం, గోన వంశం నిజం. ఆ వంశపు బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం రాసిన కవి. ఇంత గట్టి నేల మీద నిలబడి గన్నారెడ్డిని ఆయన గజదొంగను చేశాడు! పైకి దారులు కొట్టేవాడు, లోపల రుద్రమకు కాపలాదారు. పెళ్లిపీటల దగ్గరనుంచి మనుషులను ఎత్తుకుపోతాడు. కథానాయిక అన్నాంబిక ఆదవోని ప్రభువు కూతురు. రాయచూరు బండ మీద గెలిచిన కోటగా మిగిలిన ఆదవోని నవలలో ప్రేమ మొదలైన ఊరైంది. కథను ఎక్కడ దింపాలన్న చిక్కు నాకైతే కొలిక్కి వచ్చింది ఇక్కడే. రాయి చెప్పినదాన్ని ఆయన కాదనలేదు, చెప్పనిదాన్ని మాత్రమే కల్పించాడు. అడవిదారులు, మాటువేసిన గుర్రపుదళం, మంచి దొంగ, తండ్రిచాటు పిల్ల, ఇవన్నీ అమెరికా పడమటి నవలల్లోనూ ఉంటాయి. బాపిరాజు వాటికోసం ఎక్కడికీ పోనక్కరలేకపోయింది. కాకతీయ సామ్రాజ్యపు అంచులే ఆయన పడమటి సీమ.

దాదాపు పాతికేళ్లకు అదే ప్రశ్న మరో వేషంలో ఎదురైంది. కౌబాయ్ సినిమాను తెలుగులో తీయాలి, మన నేల మీద కౌబాయ్‌ని నిలబెట్టేదెక్కడ? 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు'కు ఆరుద్ర రచన చేశాడు, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, కృష్ణ కథానాయకుడు. ఆరుద్ర తెల్లదొరల కాలాన్ని ఎంచుకుని ఒక సంస్థానపు నిధిని దాచిపెట్టాడు. తుపాకికి, గుర్రానికి, మోసానికి ఆ కాలంలో ఎవరూ కారణం అడగరు. దృశ్యాలు మాత్రం రాజస్థాన్ ఎడారుల్లో తీశారు. ఒకప్పుడు మన నవలలు వెళ్లిన నేలే అది. ఈసారి దాన్నే తెచ్చి మన కథకు వేషం వేయించారు. చూసినవాళ్లు ఇసుకను నమ్మారు, కాబట్టి సంస్థానాన్నీ నమ్మారు.

ఇదంతా తలచుకున్నప్పుడల్లా నా మనసు బస్తర్‌కే పోతుంది. దక్షిణాన భోపాలపట్నం వైపు ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఇంద్రావతి ఆ అడవులన్నీ తిరిగి వచ్చి గోదావరిలో కలుస్తుంది. పైన అబూజ్‌మాడ్ కొండలు, ఆ పేరుకే ఎవరికీ అంతుపట్టనివని అర్థం. ఓరుగల్లు నుంచి వచ్చే మనిషి ఎవరైనా ఇలాంటి నదులు దాటాల్సిందే, ఇలాంటి కొండల మధ్య రాత్రి గడపాల్సిందే. ఆ దారిలో అప్పటికే కోయలు, మాడియాలు తమ ఊళ్లలో తాము ఉన్నారు. వచ్చినవాణ్ణి వాళ్లు ఎలా చూశారో భగవాన్ మిశ్రా చెక్కించలేదు. ఈ కథను రాసేవాళ్లు నదుల పేర్లు, కొండల పేర్లు, గుడి పేరు మార్చకుండా ఉంచాలి. అన్నమదేవుడు ఒక రాత్రి ఆగిన పల్లెను మాత్రం కొత్తగా కట్టుకోవచ్చు. అక్కడ అతనికి నీళ్లిచ్చిన మనిషికి పేరు పెట్టుకోవచ్చు. అందెల చప్పుడు ఆగిన ఆ క్షణంలో అతను తిరిగి చూసింది అమ్మవారినేనా, ఓరుగల్లులో వదిలివచ్చిన ఇంకెవరినైనానా అన్నది కూడా వాళ్లే తేల్చుకోవాలి.