నైవాషా గులాబీ: నష్టభయం ఎవరి నెత్తిన?

నైరోబికి వాయవ్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, రిఫ్ట్ లోయ అడుగున నైవాషా సరస్సు ఉంది. సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాదంతా దాదాపు పన్నెండు గంటల పగలు, ఎత్తు వల్ల రాత్రిళ్లు చలి. మొగ్గ పెద్దదై, కాడ గట్టిగా రావడానికి గులాబీకి ఇంతకన్నా ఏం కావాలి? పైగా ఆ లోయలోని చాలా సరస్సుల నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పన, దీనివి మాత్రం మంచినీళ్లు. యూరప్‌లో అమ్ముడుపోయే గులాబీల్లో దాదాపు మూడోవంతు కెన్యావే. వాటిలో పెద్ద వాటా ఈ సరస్సు చుట్టూ పూసినదే.

అయితే ఈ నేల పూలకంటే ముందే చేతులు మారింది. 1904లో బ్రిటిష్ వాళ్లు మసాయి పశుపాలకులతో ఒప్పందం రాయించుకుని, వాళ్లను లోయ నుంచి లేపి, ఆ పచ్చికబయళ్లను తెల్లవాళ్లకు కట్టబెట్టారు. సరస్సు ఒడ్డు పెద్ద కమతాలైంది. పూల కంపెనీలు వచ్చేనాటికి మందలు నీళ్లకు దిగే బాటలకు కంచెలు పడటం మొదలై చాలా కాలమైంది. ఈ సంగతి వదిలేసి పూలసాగు కథను 1960ల నుంచి ఎత్తుకునేవాళ్లు సగం కథే చెబుతున్నారని నా అభిప్రాయం.

1960ల చివర డాన్స్క్ క్రిసాంథెమమ్ కల్చర్ అనే డెన్మార్క్ కంపెనీ కెన్యాలో అడుగుపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి పట్టుమని పదేళ్లు కాలేదు. ప్రభుత్వం రాయితీలిచ్చి మరీ ఆహ్వానించింది. కొన్నాళ్లకు ఆ తోటలు బ్రూక్‌బాండ్ చేతికి వచ్చాయి, మనకు తెలిసిన ఆ టీ కంపెనీయే. చామంతులు, కార్నేషన్లు సాగాయి. 1973 చమురు సంక్షోభంతో హాలండ్‌లో గ్రీన్‌హౌస్‌లను వెచ్చగా ఉంచే ఖర్చు భగ్గుమంది. 1975 లోమే ఒప్పందం ఆఫ్రికా సరుకుకు యూరప్ గుమ్మంలో సుంకం లేకుండా చేసింది. సఫారీకి వచ్చే పర్యాటకుల విమానాల అడుగు అరల్లో పూలపెట్టెలకు చోటు దొరికింది. గులాబీ రంగంలోకి దిగాక ఇక ఆగలేదు. 1988లో 11 వేల టన్నులకు అటూఇటూగా ఉన్న కెన్యా పూల ఎగుమతి 2006 నాటికి 86 వేల టన్నులు దాటింది.

లాభాల్లో మొదట చెప్పాల్సింది జీతం. నేరుగా పూల తోటల్లోనే రెండు లక్షల మందికి పైగా పనిచేస్తున్నారని అక్కడి పరిశ్రమ వర్గాలు చెప్పుకుంటాయి. వారిలో సగానికి పైగా ఆడవాళ్లు. వానమీద ఆధారపడిన అరెకరం మొక్కజొన్నతో పోలిస్తే నెలనెలా చేతికొచ్చే డబ్బు చిన్న విషయం కాదు. పడమటి కెన్యా నుంచి బస్సెక్కి వచ్చిన ఎందరో మహిళలు ఆ జీతంతోనే పిల్లల ఫీజులు కట్టారు. దీన్ని కొట్టిపారేసే హక్కు గులాబీ కొనేవాళ్లకూ లేదు, దూరంగా కూర్చుని వ్యాసాలు రాసే మనకూ లేదు.

కానీ ఆ పని ఎలాంటిదో కాస్త దగ్గరగా చూడాలి. తెల్లవారగానే పాలీహౌస్‌లో కోత. మొగ్గ సరిగ్గా ఏ మేరకు విచ్చుకుంటే కత్తెర వేయాలో కంటితోనే తేల్చాలి. ఆలస్యమైతే ఆ పువ్వు ఎగుమతికి పనికిరాదు. కోసిన కాడ వెంటనే నీళ్ల బకెట్లోకి, అక్కడి నుంచి గ్రేడింగ్ షెడ్డుకు. అక్కడ గంటల తరబడి నిలబడి కింది ఆకులు, ముళ్లు దూసి, కొలబద్ద పక్కన పెట్టి నలభై, యాభై, అరవై సెంటీమీటర్ల కాడలను వేరుచేసి, అట్ట చుట్టి కట్టలు కట్టాలి. తర్వాత కోల్డ్ రూము. ఫిబ్రవరి 14కు ముందు వారాల్లో ఓవర్‌టైమ్ తప్పదు, ఆ తర్వాత కొందరికి పనే ఉండదు. మందు కొట్టిన పాలీహౌస్‌లోకి గడువు తీరకముందే పంపడం, సూపర్‌వైజర్ల లైంగిక వేధింపులు, ఎన్నేళ్లు చేసినా పర్మనెంట్ కాకపోవడం: 2000 తర్వాత కెన్యాలోని హక్కుల సంఘాలు బయటపెట్టినవి ఇవే. మార్పు వచ్చింది కూడా అప్పుడే. ప్రసూతి సెలవు, చేతికి గ్లవ్స్, వేధింపులపై కమిటీలు, ఫెయిర్‌ట్రేడ్ ముద్ర వరసగా వచ్చాయి. ఆ మేలు పువ్వు తెచ్చింది కాదు, యూనియన్లు, ఆడకూలీలు, యూరప్‌లో పరువుకు భయపడిన సూపర్‌మార్కెట్లు కలిసి తెచ్చింది.

ధర సంగతికొస్తే, మన మార్కెట్ యార్డులో వేలంపాట కిందినుంచి పైకి సాగుతుంది. హాలండ్‌లోని ఆల్స్‌మేర్ పూల వేలంలో అంతా తలకిందులు. గడియారపు ముల్లు పై ధర నుంచి కిందికి దిగుతుంటే, ముందు మీట నొక్కినవాడిది సరుకు. ఇప్పుడు చాలా సరుకు నేరుగా సూపర్‌మార్కెట్లకే పోతున్నా, ధర పలికేది మాత్రం అటువైపే. నష్టం పడేది ఇటువైపు: 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద చిమ్మి యూరప్ విమానాలు ఆగినప్పుడు నైరోబిలో పూలు కుప్పలుగా కుళ్లాయి, వేలాది కూలీలను ఇంట్లో కూర్చోమన్నారు.

నీటి లెక్క ఇంకా పేచీ. నైవాషాలో ఒక్కో గులాబీ కాడ వెనక 7 నుంచి 13 లీటర్ల నీరు ఉంటుందని 2012లో మెకోనెన్, హుక్‌స్ట్రా అనే పరిశోధకులు లెక్కగట్టారు. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో ఈ సరస్సు 1995 నుంచి ఉంది. అయినా 2009 కరువుకు బాగా లోపలికి కుంగింది. 2010 ఫిబ్రవరిలో చేపలు చచ్చి తేలాయి. అధికారులు నీటిలో ఆక్సిజన్ పడిపోయిందన్నారు, జాలర్లు తోటల వైపు వేలు చూపారు. నిజానికి పైనున్న చిన్న రైతుల పొలాల మట్టి, ఎరువు, ఊరి మురుగు కూడా ఆ సరస్సులోకే వస్తాయి. కొన్ని వేల జనాభా ఉన్న ఊరు లక్ష దాటింది, మురుగు కాలువలు మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు. అలా పెరిగిన ఊళ్లోనే 2008 జనవరిలో ఎన్నికల గొడవలు చెలరేగినప్పుడు పడమటి నుంచి వచ్చిన పూలకూలీలనే ఇళ్లనుంచి తరిమారు. ఏళ్ల తరబడి ఉన్నా వాళ్లు అక్కడ పరాయివాళ్లుగానే మిగిలారన్నమాట.

విమానంలో పంపే పువ్వు వాతావరణానికి చేటన్న మాట మాత్రం అంత తేలిగ్గా నిలవదు. 2007లో క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం లెక్క ప్రకారం 12 వేల కెన్యా గులాబీలకు 6 వేల కిలోల కార్బన్ డయాక్సైడ్ అయితే, గ్యాసుతో వేడిచేసే హాలండ్ గ్రీన్‌హౌస్ గులాబీలకు 35 వేల కిలోలు. ఎండ ఊరికే రావడమే తేడా.

ఈ కథలో మన దేశానికీ ఒక అధ్యాయం ఉంది. 2007లో బెంగళూరుకు చెందిన కరుటూరి గ్లోబల్ నైవాషాలోని పెద్ద గులాబీ తోటను కొన్నది. తోటతో పాటు బడి, ఆసుపత్రి, ఫుట్‌బాల్ జట్టు కూడా నడిచాయి. కంపెనీ లాభాలను లెక్కల్లో దేశం బయటికి మళ్లించిందని కెన్యా పన్నుల శాఖ తేల్చింది. కంపెనీ ఒప్పుకోలేదు. 2014లో తోట అప్పుల వసూలుకు నియమించిన రిసీవర్ చేతికి పోయింది. జీతాల కోసం కూలీలు రోడ్డెక్కారు. బడి, ఆసుపత్రి కూడా కంపెనీ దయమీదే నడిస్తే ఏమవుతుందో అక్కడ కళ్లారా కనిపించింది.

తక్కిన దేశాల కథ క్లుప్తం. 1990ల చివర కెన్యా తర్వాతి స్థానంలో ఉన్న జింబాబ్వే పూలసాగు 2000 తర్వాతి భూముల స్వాధీనంతో కూలిపోయింది. ఇథియోపియా చవక భూమి, పన్ను సెలవులు ఇచ్చి కొన్నేళ్లలోనే ఆఫ్రికాలో రెండో స్థానానికి చేరింది. అక్కడ ప్రైవేటు రంగానికి కనీస వేతన చట్టం మాత్రం లేదు. 2016లో బహిర్‌దార్ దగ్గర ఆందోళనకారులు విదేశీ పూల తోటను తగలబెట్టారు.

విమాన చార్జీలు భరించలేక ఇప్పుడు కొన్ని కెన్యా గులాబీలు మొంబాసా నుంచి చల్లని కంటైనర్లలో ఓడెక్కుతున్నాయి. ఎర్ర సముద్రంలో దాడులతో ఆ దారీ పొడుగైంది. 2025 ఏప్రిల్ 26 నుంచి గులాబీలో ఒక రకం చిమ్మట పురుగు లేదని నిరూపించడానికి యూరప్ కొత్త నిబంధనలు పెట్టింది. వలలు, ఉచ్చులు, అదనపు తనిఖీల ఖర్చంతా తోటదే.