బాంబే బ్లడ్ గ్రూప్: రిపోర్టులో ‘ఓ’ అనే ఉంటుంది.. కానీ ‘ఓ’ రక్తం ఎక్కిస్తే ప్రాణాలకే ముప్పు!

బ్లడ్ గ్రూపులు అనగానే ఏ, బీ, ఏబీ, ఓ.. పక్కన పాజిటివ్ లేదా నెగెటివ్.. ఇంతే కదా అనుకుంటాం. కానీ ఈ లెక్కలోకి రాని గ్రూపు ఒకటుంది. అదే బాంబే బ్లడ్ గ్రూప్. మామూలు టెస్టులో ఇది అచ్చం ‘ఓ’ గ్రూపులాగే కనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే.

ఆ పేరెలా వచ్చింది?

1952లో అప్పటి బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే బృందం దీన్ని తొలిసారి గుర్తించింది. ఆ వివరాలు అదే ఏడాది లాన్సెట్ జర్నల్‌లో వచ్చాయి. అలా ఊరి పేరే గ్రూపు పేరైంది. మన దేశంలో సుమారు 10 వేల మందిలో ఒకరికి, యూరప్‌లో 10 లక్షల మందిలో ఒకరికి ఈ గ్రూపు ఉంటుందని అంచనా.

తేడా ఎక్కడుంది?

ఎర్ర రక్తకణాల మీద ‘హెచ్’ అనే యాంటిజెన్ ఉంటుంది. ఇది పునాది లాంటిది. ఏ, బీ యాంటిజెన్లు దీని మీదే తయారవుతాయి. ‘ఓ’ గ్రూపు వాళ్లకు ఏ, బీ ఉండవు కానీ హెచ్ పుష్కలంగా ఉంటుంది. బాంబే గ్రూపు వాళ్లకు ఆ హెచ్ కూడా ఉండదు. పైగా హెచ్ మీద దాడి చేసే యాంటీబాడీలు వాళ్ల రక్తంలో సహజంగానే ఉంటాయి.

అందుకే ఎమర్జెన్సీలో ఎవరికైనా ఎక్కించొచ్చని చెప్పే ఓ నెగెటివ్ కూడా వీళ్లకు పనికిరాదు. పొరపాటున ఎక్కిస్తే ఆ కణాలు పగిలిపోతాయి. కిడ్నీలు దెబ్బతిని ప్రాణం మీదకు రావొచ్చు. బాంబే గ్రూపు వాళ్లకు బాంబే గ్రూపు రక్తమే కావాలి.

ఎలా సంక్రమిస్తుంది?

హెచ్ తయారీకి ఎఫ్‌యూటీ1 అనే జన్యువు కావాలి. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీలూ పనిచేయనప్పుడే బాంబే గ్రూపు వస్తుంది. ఒక్క కాపీ మాత్రమే దెబ్బతింటే బయటికి ఏమీ తెలియదు. తల్లిదండ్రులిద్దరికీ అలా ఒక్కో కాపీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ 25 శాతం అవకాశం ఉంటుంది. దగ్గరి బంధువుల్లో ఇద్దరికీ అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. మేనరికాలు చేసుకునే మన తెలుగు కుటుంబాలు గుర్తుంచుకోవాల్సిన విషయమిది.

ఇంకో సంగతి. బాంబే గ్రూపు తల్లికి రిపోర్టులో ‘ఓ’ అని, తండ్రికి ‘ఏ’ అని ఉండి, బిడ్డకు ‘ఏబీ’ రావొచ్చు. తల్లిలో దాగున్న బీ జన్యువు బిడ్డలో బయటపడుతుందన్నమాట. రిపోర్టులు చూసి కాపురంలో అనుమానాలు పెంచుకోవద్దు!

ఏ టెస్టులో తెలుస్తుంది?

స్లైడ్ మీద రెండు చుక్కలు కలిపి చూసే టెస్టులో ఇది దొరకదు. ల్యాబ్‌లో రివర్స్ గ్రూపింగ్ చేసేటప్పుడు ‘ఓ’ కణాలతో కూడా కలిపి చూడాలి. నిజమైన ‘ఓ’ అయితే ఏమీ కాదు. బాంబే అయితే కణాలు గడ్డకట్టినట్టు ఒకచోట చేరతాయి. తర్వాత యాంటీ-హెచ్ టెస్టుతో నిర్ధారిస్తారు. రక్తం ఎక్కించే ముందు చేసే క్రాస్ మ్యాచింగ్‌లో ‘ఓ’ ప్యాకెట్లేవీ కలవకపోయినా డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు.

బాంబే గ్రూపు అని తేలితే ఏం చేయాలి?

* అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు వెంటనే టెస్ట్ చేయించాలి. దాత ఇంట్లోనే దొరకొచ్చు.
* బ్లడ్ బ్యాంకులో అరుదైన దాతగా పేరు నమోదు చేయించుకోవాలి.
* గర్భిణులు ఈ విషయం డాక్టర్‌కు ముందే చెప్పాలి.
* ముందే తేదీ ఖరారైన ఆపరేషన్ అయితే, సొంత రక్తం దాచుకునే వీలుందేమో అడగాలి.

ఫ్రిజ్‌లో పెట్టిన ఎర్ర రక్తకణాలు మామూలుగా 35 నుంచి 42 రోజులే పనికొస్తాయి. కాబట్టి ఈ గ్రూపు రక్తాన్ని ఏడాది పొడవునా నిల్వ ఉంచడం కష్టం. పిలిస్తే వచ్చే దాతే వీళ్లకు అసలైన బ్లడ్ బ్యాంక్.