గుడితోపుల గింజలు

పుదుచ్చేరి పక్కన, తమిళనాడులోని విళుప్పురం జిల్లాలో ఆరోవిల్ ఉంది. 1968 ఫిబ్రవరి 28న ఆ ఊరికి ప్రారంభోత్సవం జరిగేనాటికి ఒక మర్రి, అక్కడక్కడా తాళ్ళు తప్ప చెప్పుకోదగ్గ నీడ లేదు. వాన పడితే ఎర్రమట్టి కోసుకుపోయి సముద్రంలో కలిసేది.

దేశదేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు ముందు గట్లు వేసి నీటిని నిలిపారు. త్వరగా నీడ కావాలి గనుక ఆస్ట్రేలియా తుమ్మ నాటారు. అయితే ఆ తీరపు సొంత అడవి మాటేమిటి? దాని ఆనవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ గుడితోపుల్లో మిగిలాయి. అమ్మవారికి, అయ్యనారుకు భయపడి జనం కొమ్మ విరవని తోపులవి. అవి లేకుంటే పాల, అల్లి వంటి చెట్ల గింజలు దొరకడమే కష్టమయ్యేది. ఇదే రకం అడవి మన శ్రీహరికోటలోనూ ఉంది. అక్కడి పాలపండ్లు తిన్నవారికి వేరే చెప్పాలా!

ఈ గింజల్లో కొన్ని ఎండితే మొలవవు. పండు ఏరగానే గుజ్జు కడిగి నాటుకోవాలి. సంచుల్లో మట్టి నింపాలి, కలుపు తీయాలి, ఎండల్లో పూటపూటా నీళ్ళు పోయాలి. బడిపిల్లలైనా చేయగల పనే. కాకపోతే ఒక్కరోజు ఉత్సాహం చాలదు. ఈ చెట్లు మహా నిదానంగా ఎదుగుతాయి.

2011 డిసెంబర్ 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరిల మధ్య తీరం దాటింది. ఆరోవిల్‌లో ఆస్ట్రేలియా తుమ్మలు విపరీతంగా కూలాయి. వాటికన్నా ఈ నిదానపు చెట్లే గాలికి గట్టిగా నిలబడ్డాయి.